గుండెకు వ్యాయామం: మందెప్పుడు, ముప్పెప్పుడు?

క్లుప్తంగా: క్రమం తప్పని వ్యాయామం గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. జబ్బు వచ్చాక చికిత్సలో కూడా దానికి చోటుంది. జిమ్‌లో, ఆటస్థలంలో కుప్పకూలినవారి వార్తలు చూసి వ్యాయామమే ప్రమాదమనుకోవడం సరికాదు. ముప్పు ఎక్కువగా అలవాటు లేని ఒంటి మీద ఒక్కసారిగా పడే భారం వల్లే వస్తుంది. గుండెపోటు తర్వాత పడకకే పరిమితం కావడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అయితే ఎంత శ్రమ, ఎప్పటి నుంచి, ఏ మందులతో పాటు అన్నది మనిషిని బట్టి మారుతుంది.

భయం ఎక్కడ మొదలైంది

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే చనిపోయారు. ఆ ఉదయం ఆయన వ్యాయామం చేశాకే ఒంట్లో నలతగా ఉందన్నారని వార్తలొచ్చాయి. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నందమూరి తారకరత్న మూడు వారాల తర్వాత కన్నుమూశారు. ఆ తర్వాత షటిల్ ఆడుతూనో, ట్రెడ్‌మిల్ మీదో, పెళ్లి ఊరేగింపులో డాన్స్ చేస్తూనో పడిపోయినవారి సీసీటీవీ దృశ్యాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగని వారం లేదు. ఒక్కో మరణానికి కారణం ఒక్కోటి. చూసేవారికి మాత్రం అన్నీ కలిసి ఒకే మాట చెప్పినట్టు అనిపించాయి: ఒంటికి పని చెబితే గుండె ఆగిపోతుందని.

మరోవైపు ఏ గుండె డాక్టరును అడిగినా మొదట చెప్పే మాట ‘రోజూ నడవండి’ అనే. విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపి మరీ నడిచేవారికి దారి వదులుతారు. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ఇదే తీరంలో, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దిశగా, సుమారు 3 లక్షల మంది యోగాసనాలు వేశారు. ఒకే ఊళ్లో ఒకరు ఒళ్లు కదిలించమంటుంటే, ఇంకొకరు కదిలిస్తే ప్రమాదమంటున్నారు.

ఈ రెండు మాటల మధ్య ఉన్నది నిజానికి వైరుధ్యం కాదు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2023లో ప్రచురించిన అధ్యయనంలోనే దానికి కొంత సమాధానం దొరుకుతుంది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో, అప్పటిదాకా ఆరోగ్యంగా కనిపించి హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలను 2,916 మంది ఇతరులతో అందులో పోల్చారు. కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, కోవిడ్‌తో గతంలో ఆసుపత్రిలో చేరడం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో మితిమీరి మద్యం తాగడం, అదే 48 గంటల్లో తీవ్రమైన శారీరక శ్రమ చేయడం ముప్పును పెంచినట్టు తేలింది. టీకా వేసుకోవడం ముప్పును పెంచలేదు సరికదా, తగ్గించింది. ఇక్కడ గమనించాల్సింది ‘తీవ్రమైన’ అన్న విశేషణాన్ని. రోజూ చేసే నడక గురించి ఆ అధ్యయనం అలా చెప్పలేదు.

మెట్లెక్కిన కండక్టర్లు, కూర్చున్న డ్రైవర్లు

కదిలే ఒంటికీ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉందని గట్టిగా చూపిన మొదటి పెద్ద పరిశోధన లండన్ బస్సుల్లో జరిగింది. జెరెమీ మోరిస్ బృందం 1953లో దాన్ని ప్రచురించింది. రెండంతస్తుల బస్సులో డ్రైవరు షిఫ్టు అంతా సీటులోనే ఉంటాడు. అదే బస్సులో కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజంతా పైకీ కిందకీ మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, దాదాపు ఒకే జీవన స్థాయి, ఒకే ఊరి గాలి. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినవారిలోనూ వెంటనే చనిపోయేవారు తక్కువ. బరువైనవారే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం అప్పుడే వచ్చింది. మోరిస్ వాళ్ల యూనిఫాం కొలతలు తెప్పించుకుని చూశారు. డ్రైవర్ల నడుము కొలత మొదటి నుంచీ కొంచెం ఎక్కువే. అయితే నడుము కొలత ఏదైనా సరే, తేడా మాత్రం నిలిచే ఉంది.

దక్షిణాసియా వాసులకు ఈ విషయం మరీ ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తేల్చిందేమిటంటే, మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి మార్చుకోదగిన తొమ్మిది అంశాలే కారణం. వ్యాయామం లేకపోవడం వాటిలో ఒకటి. అదే సమాచారంలో దక్షిణాసియా దేశాల వారిని విడిగా చూస్తే, మొదటి గుండెపోటు వచ్చే వయసు సగటున 53 ఏళ్లు. మిగతా దేశాల్లో దాదాపు 59. గుండెజబ్బు లేనివారిలోనైనా తీరిక వేళ క్రమంగా వ్యాయామం చేసేవారు ఇక్కడ 6 శాతమే, మిగతా దేశాల్లో 21 శాతానికి పైగా. ఇప్పటికీ పరిస్థితి మెరుగుపడలేదు. 2024లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి భారత్‌లో పెద్దవారిలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. ఆడవారిలో అది 57 శాతం. 2000లో ఇద్దరినీ కలిపి చూసినా 22 శాతమే ఉండేది.

ఒంట్లో జరిగేదేమిటి

వ్యాయామం అనగానే చాలామందికి కేలరీలు గుర్తొస్తాయి. ఆ లెక్కన చూస్తే నడక దండగ. 70 కిలోల మనిషి అరగంట మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది 115 నుంచి 120 కేలరీలు. వాకింగ్ అయ్యాక స్నేహితులతో కలిసి ఒక ప్లేటు పూరీ తింటే అంతకు రెట్టింపు తిరిగొచ్చేస్తుంది. మరి గుండెకు మేలు ఎలా? దారులు వేరే ఉన్నాయి.

మొదటిది రక్తనాళం లోపలి పొర. విశ్రాంతిలో గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోడుతుంది. శ్రమ పెరిగితే అది 15 లీటర్లు దాటుతుంది. ఆ ప్రవాహం నాళపు గోడను ఒరుసుకుంటూ పోతుంటే గోడ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది నాళాన్ని వదులు చేస్తుంది, రక్తం గడ్డకట్టే కణాలు గోడకు అంటుకోకుండా చూస్తుంది, వాపును తగ్గిస్తుంది. పొగతాగడం, షుగర్, బీపీ దెబ్బతీసేది సరిగ్గా ఈ పొరనే. పొరకు రోజూ ఆ ఒరిపిడి తగలడం ముఖ్యం. వారానికోసారి మూడు గంటలు నడవడం కంటే రోజూ అరగంట నడవడం మంచిదనడానికి ఇదొక కారణం.

రెండోది గుండెకు దొరికే విరామం. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లోకి రక్తం ఎక్కువగా పారేది గుండె ముడుచుకున్నప్పుడు కాదు, వదులైనప్పుడు. కొన్ని నెలల సాధనతో విశ్రాంతిలో నాడి నిమిషానికి 80 నుంచి 70కి దిగిందనుకుందాం. రోజుకు 14,400 సార్లు తక్కువ కొట్టుకుంటుంది. రెండు స్పందనల మధ్య వ్యవధి పెరిగి, గుండెకు తన వంతు రక్తం అందే సమయం కూడా పెరుగుతుంది. యాంజైనా, అంటే శ్రమపడినప్పుడు గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి, ఉన్నవారికి దీని ఫలితం నేరుగా తెలుస్తుంది. ఇంతకు ముందు ఒక అంతస్తు ఎక్కితే ఛాతీ పట్టేసినవారు అదే అంతస్తును నొప్పి లేకుండా ఎక్కుతారు. పూడిక అలాగే ఉండొచ్చు. అదే పనికి గుండె అడిగే ఆక్సిజన్ మాత్రం తగ్గింది.

మూడోది కండరం. ముడుచుకునే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. వ్యాయామం ఆపాక కూడా ఇన్సులిన్ బాగా పనిచేసే స్థితి ఒకటి రెండు రోజులు ఉంటుంది. అందుకే షుగర్ ఉన్నవారిని వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దంటారు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు అన్నది మన దేశంలో తరచూ కనిపించే జత. నడక బాగా పనిచేసేది ఈ జత మీదే. బీపీ ఉన్నవారిలో పై అంకె 5 నుంచి 8 పాయింట్లు తగ్గడం కూడా మామూలే.

వ్యాయామం పెద్దగా చేయలేని పని ఒకటుంది. చెడు కొలెస్ట్రాల్‌ను అది అంతగా తగ్గించదు. వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రొటీన్-ఏ అనే మరో రకం కొవ్వు కణం జోలికి అసలు పోదు. ‘రోజూ పది కిలోమీటర్లు నడిచేవాడు, ఆయనకే వచ్చింది’ అని చెప్పుకునే సంఘటనల వెనుక తరచుగా ఉండేది ఇదే. లేదంటే మానని సిగరెట్. నడుస్తున్నాం కదా అని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రను సొంతంగా ఆపేయడం ఈ లెక్కలో పెద్ద పొరపాటు.

శ్రమ మధ్యలో గుండెపోటు ఎందుకు?

35 దాటినవారిలో శ్రమ మధ్యలో వచ్చే గుండెపోటుకు మూలం చాలాసార్లు అంతకు ముందే నాళంలో పేరుకున్న కొవ్వు. దాని మీద పలుచటి పొర ఉంటుంది. ఒక్కసారిగా పరుగెత్తినా, ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినా అడ్రినలిన్ పెరుగుతుంది, బీపీ ఎగుస్తుంది, గుండె వేగంగా ముడుచుకుంటూ నాళాలను మెలితిప్పుతుంది. ఆ ఒత్తిడికి పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. చిట్లేది పెద్ద పూడికే కానక్కర్లేదు. 40 శాతం ఉన్న పూడిక కూడా చిట్లొచ్చు. అలాంటిది టీఎంటీకి, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే ఈసీజీ పరీక్షకు, సాధారణంగా దొరకదు. ‘మొన్ననే టీఎంటీ నార్మల్ వచ్చింది, ఇంతలోనే ఎలా?’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఈ ముప్పు అందరికీ ఒకలా ఉండదు. 1993లో అమెరికాలో మిటిల్‌మన్ బృందం గుండెపోటుతో చేరిన రోగులను దానికి ముందు గంటలో ఏం చేశారని అడిగి లెక్క కట్టింది. తీవ్ర శ్రమ తర్వాతి గంటలో ముప్పు మామూలు గంటతో పోలిస్తే సగటున 6 రెట్లు. ఆ సగటును విడదీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వారానికి ఐదుసార్లు, అంతకు మించి గట్టిగా శ్రమించే అలవాటు ఉన్నవారిలో ముప్పు 2.4 రెట్లు. వారానికి ఒక్కసారైనా అలవాటు లేనివారిలో 107 రెట్లు. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది కాబట్టి, 107 రెట్లు అన్నంత మాత్రాన పరుగెత్తిన ప్రతివారూ పడిపోరు. కానీ ఈ చర్చ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఏదైనా ఉంటే అది ఈ తేడాయే. అలవాటే రక్షణ. అలవాటుకు మించి ఎంత దూరం పోతే ముప్పు అంత.

సింహాచలం గిరి ప్రదక్షిణను ఈ కోణంలో చూడొచ్చు. ఆషాఢంలో లక్షలమంది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, బీచ్ వైపుగా ఊరిని చుట్టి మళ్లీ కొండ కిందికి చేరతారు. దూరం 32 కిలోమీటర్లు. అడుగుల్లో చెప్పాలంటే 40 వేలకు పైనే. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచినా 8 గంటలు. ఆ వేగంలో గుండె మీద ఒక్క క్షణానికి పడే భారం ఏమంత ఎక్కువ కాదు. ఎనిమిది గంటల పాటు, జూలై ఉక్కలో, నిద్ర లేకుండా, దారి పొడవునా ఇచ్చే ప్రసాదాలు తింటూ, బీపీ మాత్ర మరిచిపోయి నడవడమే చిక్కు. ఏడాదంతా రోజుకు మూడు వేల అడుగులు దాటని మనిషి ఆ ఒక్క రాత్రి 40 వేలు వేస్తాడు. మొక్కు తీర్చుకోవాలనుకునే 50 ఏళ్ల షుగర్ పేషెంటుకు ఎవరైనా ఇవ్వాల్సిన సలహా ‘వెళ్లకండి’ అని కాదు. ఉగాది దాటాక నడక మొదలుపెట్టి వారం వారం దూరం పెంచుకోమని, వెళ్లేముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోమని, నీళ్లు, మందులు వెంట ఉంచుకోమని చెప్పాలి. మధ్యలో ఆగిపోయినా స్వామి ఏమీ అనుకోడని చెప్పే పెద్దలు కూడా పక్కన ఉంటే మంచిది.

35 లోపు వారి సంగతి వేరు. వారిలో గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉండటం, గుండె విద్యుత్ వ్యవస్థలో లోపాలు, వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు లాంటివి ఎక్కువగా కనిపించే కారణాలు. జ్వరం ఉన్న రోజుల్లో జిమ్‌కు పోవద్దన్నది అందుకే. కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గించి, గుండె గోడలను మందం చేస్తాయి. జిమ్ మరణాల చర్చలో ట్రెడ్‌మిల్‌ను తప్పుపట్టినంతగా ఈ ఇంజెక్షన్లను ఎవరూ తప్పుపట్టరు.

కళాసీ పని వ్యాయామమేనా?

పోర్టు ఊరు కాబట్టి ఈ ప్రశ్న విశాఖలో సహజంగానే వస్తుంది. రోజంతా బస్తాలు మోసే కళాసీకి, తెల్లారకముందే వల లాగే మత్స్యకారుడికి మళ్లీ వాకింగ్ ఎందుకు?

పరిశోధనలు ఇక్కడ ఒకే మాట చెప్పవు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికులను 22 ఏళ్ల పాటు గమనించి రాల్ఫ్ పాఫెన్‌బర్గర్ 1975లో ప్రచురించిన ఫలితాల్లో, ఎక్కువ శ్రమ ఉన్న పనుల్లో ఉన్నవారికే గుండెజబ్బు మరణాలు తక్కువ. దీనికి భిన్నంగా, కోపెన్‌హాగెన్‌లో లక్షమందికి పైగా సుమారు పదేళ్లు గమనించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, తీరిక వేళ వ్యాయామం గుండెజబ్బులను తగ్గిస్తే, ఉద్యోగంలో బరువు పని వాటిని పెంచినట్టు కనిపించింది. 2017లో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో భారత్ సహా 17 దేశాల వారున్నారు. అందులో పని రూపంలోని శ్రమ కూడా మేలే చేసింది.

ఈ తేడాకు చెప్పే వివరణల్లో నమ్మదగ్గది విశ్రాంతికి సంబంధించినది. వ్యాయామంలో అరగంట శ్రమ ఉంటుంది, తర్వాత ఒళ్లు కోలుకోవడానికి రోజంతా ఉంటుంది. బరువులు మోసే పనిలో ఊపిరి బిగబట్టి ఎత్తడం, వంగడం, ఎండ, గంటల తరబడి దిగని బీపీ ఉంటాయి. ఎప్పుడు ఆగాలో పనివాడి చేతిలో ఉండదు. పైగా బీడీ, మద్యం, నిద్రలేమి, బీపీ ఉన్నా పరీక్ష చేయించుకోలేకపోవడం కూడా ఈ పనులతో ముడిపడి ఉంటాయి. కాబట్టి కళాసీకి కావలసింది ఇంకో గంట నడక కాదు. ఏటా ఒకసారి బీపీ, షుగర్ పరీక్ష, పని మధ్యలో విరామం, పొగాకు మానడం. ఆఫీసులో, బ్యాంకులో, రుషికొండ ఐటీ కంపెనీల్లో కూర్చునేవారి సంగతి దీనికి పూర్తిగా ఎదురు.

ఎంత చేస్తే సరిపోతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ కావాలి. దాంతో పాటు రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అన్న పాత నిబంధనను అప్పుడే తీసేశారు. ఐదేసి నిమిషాలు ఆరుసార్లు నడిచినా లెక్కకొస్తుంది.

రోజుకు పదివేల అడుగులన్నది వైద్యులు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది. తర్వాతి పరిశోధనల్లో 60 దాటినవారికి 6 నుంచి 8 వేలు, అంతకంటే చిన్నవారికి 8 నుంచి 10 వేల దగ్గర మేలు పెరగడం నెమ్మదిస్తుందని తేలింది. అన్నిటికన్నా ఎక్కువ లాభం రెండు మూడు వేల నుంచి ఐదారు వేలకు చేరినవారికే.

మధ్యస్థ శ్రమ అంటే ఎంత? తేలికైన కొలత నోరే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఈ కొలతతో చూస్తే బీచ్ రోడ్డు మీద కబుర్లతో సాగే చాలా నడకలు ‘తేలిక’ వర్గంలోకే వస్తాయి. వాటిని తీసిపారేయాల్సిన పని లేదు. టెన్షన్ తగ్గడానికి, స్నేహానికి అవి మంచివే. మధ్యలో రెండు మూడు నిమిషాలు వేగం పెంచితే గుండెకూ పనికొస్తాయి.

విశాఖకు ఇంకో ప్రత్యేకత వాలు. చదును రోడ్డు మీద గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి అదే వేగంతో నూటికి ఐదు అడుగుల ఎత్తు పెరిగే వాలు ఎక్కితే ఆక్సిజన్ ఖర్చు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. బీచ్ రోడ్డు నుంచి ఆంధ్ర యూనివర్సిటీ వైపో, సిరిపురం వైపో ఎక్కే దారులు ఇలాంటివే. ఆరోగ్యంగా ఉన్నవారికి డబ్బు ఖర్చు లేని ట్రెడ్‌మిల్ అది. కొత్తగా గుండెపోటు వచ్చినవారు మాత్రం మొదటి నెలల్లో శివాజీ పార్కు లాంటి చదును చోటే ఎంచుకోవడం నయం.

స్టెంట్ వేశాక, బైపాస్ అయ్యాక

20వ శతాబ్దం సగం దాకా గుండెపోటు వస్తే ఆరు వారాలు పడకే చికిత్స. రోగిని పక్కకు కూడా తిరగనిచ్చేవారు కాదు. 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగులను కుర్చీలో కూర్చోబెట్టడమే సాహసంగా కనిపించింది. ఆ పడక ఎంత చేటో 1966లో డాలస్‌లో తేలింది. ఐదుగురు ఆరోగ్యవంతులైన 20 ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచి కొలిచారు. వారి శరీర సామర్థ్యం బాగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ మళ్లీ పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని బయటపడింది.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. గుండెజబ్బు రోగులకు వ్యాయామంతో కూడిన పునరావాసంపై జరిగిన 85 పరీక్షలను, 23 వేల మందికి పైగా రోగులను కలిపి కాక్రేన్ సంస్థ 2021లో సమీక్షించింది. గుండెజబ్బు మరణాలు నాలుగో వంతు మేర తగ్గాయి. మళ్లీ గుండెపోటు రావడం, ఆసుపత్రి పాలవడం కూడా తగ్గాయి. ఒక మాత్ర ఇంత మేలు చేస్తే దాన్ని రాయని చీటీ ఉండదు.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2004లో వెలువడిన హాంబ్రెష్ట్ బృందం ప్రయోగం ఇంకాస్త ముందుకు వెళ్లింది. నిలకడగా ఉన్న యాంజైనా రోగులు 101 మందిలో సగం మందికి స్టెంట్ వేశారు, మిగతావారితో రోజూ 20 నిమిషాలు సైకిల్ తొక్కించారు. ఏడాది తర్వాత ఏ ఇబ్బందీ రాకుండా ఉన్నవారు సైకిల్ బృందంలో 88 శాతం, స్టెంట్ బృందంలో 70 శాతం. ఇది చిన్న ప్రయోగం, అందరూ మగవారే. గుండెపోటు వస్తున్న వేళ స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అక్కడ సైకిల్‌కు చోటు లేదు. నిలకడగా ఉన్న జబ్బులో స్టెంట్ ఒక చోటి పూడికను తెరుస్తుంది, వ్యాయామం అన్ని నాళాల గోడల మీదా పనిచేస్తుంది. ఆ తేడా వల్లే ఈ ఫలితం అర్థమవుతుంది.

యోగా గురించి భారత్‌లోనే పెద్ద పరీక్ష జరిగింది. 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో చేసిన యోగా-కేర్ ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, మళ్లీ గుండెపోటు వంటి వాటిలో స్పష్టమైన తేడా తేలలేదు. కానీ యోగా చేసినవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, మునుపటి పనుల్లోకి త్వరగా తిరిగి వెళ్లారు. నడకకు బదులుగా కాక, నడకకు తోడుగా యోగా అనుకోవడం ఈ ఫలితాలకు దగ్గరగా ఉంటుంది.

అసలు ఇబ్బంది అమలులో ఉంది. మన ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంటుంది, తర్వాతి పన్నెండు వారాల పర్యవేక్షిత వ్యాయామానికి చాలాచోట్ల ఏర్పాటే ఉండదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు ఎనిమిదుంటాయి. కదలిక గురించి ‘బరువులు ఎత్తరాదు, విశ్రాంతి తీసుకోవాలి’ అన్న ఒక్క ముక్కే. ఎంత విశ్రాంతి, ఎన్నాళ్లు అన్నది ఇంటివాళ్ల ఊహకే వదిలేస్తారు. శ్రీకాకుళం నుంచో, అరకు నుంచో వచ్చి విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకుని వెళ్లే రోగి వారానికి మూడుసార్లు విశాఖ రాలేడు. అందుకే ఇంటి దగ్గరే చేసుకునే పద్ధతిని, ఫోన్లో అడిగి తెలుసుకుంటూ నడిపించాలి.

ఇబ్బందుల్లేని గుండెపోటు తర్వాత సాధారణంగా పాటించే క్రమం పెద్ద రహస్యమేమీ కాదు. ఇంటికొచ్చిన మొదటి వారం చదునుగా ఉన్నచోట ఐదు పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు నడక. వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోతే ఆరు వారాలకు అరగంట. బైపాస్ అయితే కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బకెట్టూ, మనవడూ రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. కానీ నడక ఆసుపత్రి వార్డులోనే మొదలవుతుంది. దాంపత్య జీవితం గురించి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు ఎక్కగలిగితే సాధారణంగా ఫరవాలేదన్నది డాక్టర్లు వాడే కొలత. సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందు వాడేవారు వయాగ్రా జాతి మాత్రలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

గుండె బలహీనపడిన రోగులకూ ఇప్పుడు వ్యాయామం చెబుతున్నారు. 2,331 మందితో 2009లో ముగిసిన హెచ్‌ఎఫ్-యాక్షన్ పరీక్షలో అది వారికి సురక్షితమని తేలింది, మేలు ఓ మోస్తరుగా కనిపించింది.

ఉక్కపోత, మందులు, ఆగాల్సిన చోటు

తీరప్రాంతంలో చెమట పట్టినా ఆరదు. ఒళ్లు చల్లబడక గుండె చర్మానికి మరింత రక్తం పంపాల్సి వస్తుంది. అదే నడకకు మే నెలలో నాడి ఎక్కువ వేగంగా కొట్టుకునేది అందుకే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో నాడి అంతగా పెరగదు. స్మార్ట్‌వాచ్ చూపించే గుండె వేగం లక్ష్యాలు వారికి వర్తించవు. మాట్లాడగలగడం అనే కొలతే నయం. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవారికి ఎండలో బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. నీళ్లు ఎంత తాగాలన్నది, ముఖ్యంగా గుండె బలహీనంగా ఉన్నవారు, డాక్టరునే అడగాలి. పోర్టు వైపు పాతనగరంలో దుమ్ము ఎక్కువగా ఉన్న రోజు వీధిలో కంటే ఇంటి వరండాలో నడవడం మంచిది. సన్నని ధూళి కూడా గుండెకు శత్రువే.

విశ్రాంతిలోనే ఛాతీ నొప్పి వస్తున్నవారు, బీపీ 180/110 పైన ఉన్నవారు, బృహద్ధమని కవాటం బాగా బిగుసుకుపోయినవారు, పడుకుంటే ఆయాసం వచ్చేవారు, అదుపులో లేని గుండె దడ ఉన్నవారు ముందు చికిత్స తీసుకోవాలి. వ్యాయామం ఆ తర్వాతే.

నడుస్తుండగా ఛాతీ మధ్యలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కారణం లేని చెమట, కళ్లు బైర్లు కమ్మడం వస్తే వెంటనే ఆగి కూర్చోవాలి. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి ఇంకో రౌండు వేయడం చాలా ఇళ్లలో విన్న కథే. డాక్టరు ముందే సార్బిట్రేట్ ఇచ్చి ఉంటే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే బైకు మీద ఆసుపత్రికి పోవడం కాక 108కి ఫోన్ చేయాలి. దారిలో గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం ఉండేది అంబులెన్సులోనే.